చదివినవారు, రాసినవారు

మార్చి 3, సోమవారం

జ్వరం తగ్గింది. బుధవారం నుంచి మంచం మీదుండి లేచేసరికి కాళ్ళు నావి కావన్నట్టున్నాయి. అయినా ల్యాబుకి వెళ్ళాను. "నువ్వు లేకపోతే ఆ ల్యాబు మూతపడుతుందా?" అన్నారు ఈయన. మూతపడదు. నా భయం కూడా అదే.

ఈయన దగ్గర ల్యాబు మాటెత్తితే టీవీ సౌండు పెంచుతారు. అందుకని ఈ పాత రిజిస్టరు వెనక ఖాళీ పేజీలు పట్టుకున్నాను. భోజనాల గంటలో స్టోరు గదిలోకి ఎవరూ రారు.

నేను సెలవు పెట్టిన మూడు రోజులూ నా కుర్చీలో కొత్తమ్మాయి కూర్చుందట. చేరి రెండు నెలలు కాలేదు. "ఎలా జరిగింది?" అని అడిగితే, "తల ఎత్తలేదక్కా, మీరు చెప్పినట్టే" అంది, మార్కులు వేయమన్నట్టు. శభాష్ అన్నాను. మొదటి వారమే చెప్పాను మరి. మా ల్యాబు పెద్దాయన మాస్టారు బల్ల దగ్గర నిలబడి, పరీక్షకొచ్చిన ఒత్తిడి గేజీ చదువుతారు, మనం కూర్చుని రాస్తాం. ఆయన అంకె చెప్పాక మనం తలెత్తి ముల్లు ఎక్కడుందో చూస్తే, మీ మాట మీద నమ్మకం లేదు అని ఆయన మొహం మీద అన్నట్టే. పద్నాలుగేళ్ళ కింద నాకూ ఇలాగే చెప్పారు. ముప్పయ్యేళ్ళుగా ఆ గదిలో రాసినవాళ్ళెవరూ తలెత్తలేదు.

ఆ మూడు రోజుల్లో పదకొండు గేజీలు అయ్యాయి. అన్నీ పాస్. అన్నిటికీ పచ్చ స్టిక్కరు వేసి పంపేశారు.

పదకొండుకి పదకొండూ.

సరే, ఒక్కోసారి అలా వస్తాయి. మంచి గేజీలై ఉంటాయి. వెనక్కి తెప్పించి మళ్ళీ చూద్దామంటే ఎందుకని అడుగుతారు. ఏమని చెప్పను? వచ్చే ఏడు ఎలాగూ పరీక్షకి వస్తాయి.

మార్చి 4, మంగళవారం

ఇవాళ రెండే. ఒకదాంట్లో కొంచెం తేడా. సరిచేశాను.

మార్చి 6, గురువారం

నాలుగు. ఒక గేజీ దగ్గర మాస్టారు "పది" అన్నారు. ఓరగా చూస్తే ముల్లు తొమ్మిది కూడా దాటలేదు. తొమ్మిది అని రాశాను. ఫెయిల్ అయింది. ఎర్ర స్టిక్కరు వేసి ఆయన చేతికిస్తే, "ఊఁ" అని తీసుకున్నారు.

ఇందులో తప్పేముంది? కాగితం మీద ఉన్నది నిజమే కదా. రెండేళ్ళుగా నా చేతిమీదుగా ఒక్క తప్పుడు గేజీ బయటికి పోలేదు. ఆయన పరువూ నిలబడింది, గేజీ కూడా సరిగ్గా తేలింది. మొదట్లో తప్పు చేస్తున్నాననిపించేది. ఇప్పుడు కూరలో ఉప్పు సరిచూసుకున్నంత మామూలైపోయింది.

ఎదురుగా, అసలు ఒత్తిడి ఎంతో చూపే స్టాండర్డ్ గేజీ అంకెలు ఎర్రగా, అరచేయంత వెలుగుతుంటాయి. అవి ఆయనకి కనిపిస్తాయి. పరీక్షకొచ్చిన గేజీలో ముల్లు సన్నం, గీతలు ఇంకా సన్నం. అక్కడ పది వెలిగితే ఇక్కడా పదే ఉండాలి కదా అని చెప్పేస్తారు. ఉండాల్సింది చదువుతున్నారు, ఉన్నది కాదు. అది ఆయనకి తెలుసని నేననుకోను. తెలిస్తే ఆ మనిషి ఒక్క రోజు కూడా బల్ల దగ్గర నిలబడరు.

నేను చేరిన నెలలోనే స్టాండర్డ్ గేజీ చేయి జారి పడేశాను. అప్పటి ఆఫీసరు ఊగిపోతూ వచ్చాడు. నేను నోరు తెరిచేలోపు మాస్టారు "నేనే పడేశాను" అన్నారు. ఆ తర్వాత దాని ఊసు ఒక్కసారి కూడా ఎత్తలేదు. అలాంటాయనతో, మీకు కళ్ళు కనిపించడం లేదండీ అని ఏ నోటితో అనను? ఇంకో ఏడు నెలల్లో రిటైరవుతారు. ఏడు నెలలు నేను చూసుకుంటాను.

మార్చి 11, మంగళవారం

ఊళ్ళో ఒక లాండ్రీలో ఆవిరి పైపు జాయింటు ఊడిపోయింది. ఇస్త్రీ యంత్రం దగ్గరున్న ఆవిడకి ముంజేయి మొత్తం కాలింది. బతికింది. వేళ్ళు కదులుతాయో లేదో ఇంకా చెప్పలేమన్నారట.

గేజీ మనదే. పచ్చ స్టిక్కరు మనదే. మా ఆఫీసరు దాని మీది తేదీ చదివాడు.

నాకు జ్వరమొచ్చిన రెండో రోజు.

మార్చి 12, బుధవారం

ఆ గేజీని వేరే ల్యాబులో చూశారు. లోపల ఎనిమిది ఉంటే ముల్లు ఏడు దగ్గరే ఆగిపోతోంది. లాండ్రీ వాళ్ళు పాపం ముల్లు ఎనిమిదికి వచ్చేదాకా ఆవిరి పెంచారు. మన షీటు మీద మాత్రం ఎనిమిదికి ఎనిమిది అనుంది, కొత్తమ్మాయి గుండ్రటి చేతిరాతలో. కింద రెండు సంతకాలు. చదివినవారు, రాసినవారు.

ఆఫీసరు మాస్టార్ని అడిగాడు. మాస్టారు గొంతు పెంచలేదు, తగ్గించలేదు. "నా పాత షీట్లు తీయించి చూడండి" అన్నారు.

తీయించారు. సాయంత్రం దాకా ఇద్దరు గుమాస్తాలు కూర్చుని రెండేళ్ళ షీట్లు, ఏడాది తర్వాత అవే గేజీలు మళ్ళీ వచ్చినప్పటి షీట్లు పక్కపక్కన పెట్టి చూశారు. ఒక్క తప్పు లేదు. ఒక గుమాస్తా దండం పెట్టినంత పని చేశాడు. ఈ వయసులో ఏం చూపండీ అన్నాడు. మాస్టారు కండువా సర్దుకున్నారు.

ఇక మిగిలింది ఎవరు? రాసిన పిల్ల. ఆయన ఏడు అనే చెప్పుంటారు, అది పరధ్యానంలో ఎనిమిది రాసుంటుంది. గది మొత్తం ఆ మాటే. అంత శుభ్రంగా షీట్లు ఉంచింది నేనే. ఆ షీట్లతోనే దాన్ని కొడుతున్నారు.

లేచి బయటికి వెళ్ళిపోయాను.

మార్చి 13, గురువారం

విచారణ అన్నారు. ఆఫీసరు గదిలోకి ఒక్కొక్కళ్ళనీ పిలిచారు. నన్ను అడిగింది ఒక్కటే ప్రశ్న. "పద్నాలుగేళ్ళుగా ఆయన పక్కన కూర్చుంటున్నారు. ఎప్పుడైనా తప్పు చదివారా?"

"మాస్టారా? లేదండీ."

అంతే. నేను ఆలోచించి అబద్ధమాడలేదు. దగ్గు వచ్చినట్టు దానంతటది వచ్చేసింది. అన్నాక గానీ ఏమన్నానో నాకే తెలియలేదు. వెనక్కి తీసుకోవచ్చు కదా, ఒక్క నిమిషం ఆగండి అనొచ్చు కదా. అప్పటికే ఆఫీసరు పేజీ తిప్పేశాడు. నేను కుర్చీ శబ్దం కాకుండా జరిపి మరీ లేచొచ్చాను. మర్యాదకేం తక్కువ లేదు నాకు.

అయినా కొత్తపిల్ల. ఇంకెక్కడైనా పని దొరుకుతుంది. ఆయనకి ఈ వయసులో తలవంపులు ఎందుకు?

మార్చి 14, శుక్రవారం

దొరకదు. బల్ల పని చేసేందుకు ఇచ్చే కార్డు రద్దు చేస్తారట. తప్పుడు షీటు రాసిన మనిషిగా దాని పేరు అన్ని ల్యాబులకీ పంపుతారు. ఇక ఏ పరీక్ష బల్ల దగ్గరికీ రానివ్వరు.

మార్చి 15, శనివారం

ఈయనకి మొత్తం చెప్పాను. టీవీ కట్టేసి మరీ విన్నారు. నేను అంకెలు మార్చానన్న దగ్గర మాత్రం లేచి కూర్చున్నారు. బయటికి తెలిస్తే మొదట పోయేది నీ ఉద్యోగమే, ఆయన చెప్పింది ఒకటి, నువ్వు రాసింది ఒకటి, దాన్నేమంటారో తెలుసా అన్నారు. తెలుసు. "నీకెందుకు, నోరు మూసుకుని కూర్చో" అన్నారు. కోపంతో అనలేదు. భయంతో అన్నారు. నా భయం ఆయన నోట్లోంచి వింటే ఇంకా అసహ్యంగా ఉంది.

మధ్యాహ్నం కొత్తమ్మాయి ఇంటికి వచ్చింది. గుమ్మంలోనే నిలబడింది. లోపలికి రమ్మంటే రాదు. కళ్ళు ఉబ్బిపోయున్నాయి. బుధవారం లోపు తప్పు తనదే అని కాగితం రాసిస్తే కార్డు పూర్తిగా రద్దు చేయకుండా మూడేళ్ళు ఆపుతామన్నారట. ఎలా రాయాలో నన్ను అడగడానికి వచ్చింది. నా చేతిరాత బాగుంటుందని.

"నువ్వు ఆయన చెప్పిందే రాశావా?" అన్నాను.

"అలాగే అనుకున్నానక్కా. కానీ మాస్టారు తప్పు చెప్పరు కదా. మరి నేనే ఎక్కడో తప్పు రాసుంటాను. రాత్రుళ్ళు పడుకుంటే ఆయన ఏడు అన్నట్టే వినిపిస్తోంది."

ఎనిమిది అని రాసిన పిల్లకి ఇప్పుడు ఏడు వినిపిస్తోంది. నాలుగు రోజుల్లో దాని బుర్రని కూడా సరిచేసేశాం, అందరం కలిసి.

సోమవారం దాకా ఏ కాగితమూ రాయొద్దన్నాను. ఎందుకని అడగలేదు. సరే అక్కా అంది. ఏదైనా అడిగి చావదేమిటి ఈ పిల్ల. అడగొద్దని నేర్పింది ఎవరు?

మార్చి 16, ఆదివారం

బట్టలు ఉతికాను. ఉతికినవే మళ్ళీ ఉతికాను.

మార్చి 17, సోమవారం

మాస్టార్ని భోజనాల గంటలో పట్టుకున్నాను. వెనక మెట్ల మీద ఒక్కరే కూర్చుని టిఫిన్ డబ్బా మూత తీస్తున్నారు. రెండు మెట్లు కింద కూర్చున్నాను. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక ఆరోగ్యం అడిగాను, ఇంట్లో వాళ్ళని అడిగాను, ఎండలు ముదిరాయన్నాను. ఆయన అన్నిటికీ జవాబిచ్చారు. చివరికి ఇక లాభం లేదని, తల ఎత్తకుండానే, మీరు చదివింది కాక నేను చూసింది రాస్తున్నాను, రెండేళ్ళుగా అన్నాను.

ఆయన ముద్ద కలుపుతూనే ఉన్నారు.

"తెలుసు" అన్నారు.

అప్పుడు తలెత్తాను. "ఎలా తెలుసు మాస్టారూ?"

"నువ్వు షీటు పెట్టుకుని రాసే ఆ రేకు అట్ట మీద పెన్ను చప్పుడవుతుంది కదమ్మా. నేను సరిగ్గా చెబితే వెంటనే రాస్తావు. తప్పు చెబితే ఒక క్షణం ఆగుతుంది. ఆగిందంటే నువ్వు చూసుకుంటావులే అనుకునేవాణ్ణి."

అంటే రెండేళ్ళు ఆ గదిలో ఇద్దరం ఒకే అబద్ధాన్ని చెరో కొసా పట్టుకుని మోశాం. నేను ఆయనకి తెలియదనుకుంటూ, ఆయన నాకు తెలుసనుకుంటూ. మరి ఆ మూడు రోజులు అని అడిగాను.

"ఆ పిల్ల పెన్ను ఒక్కసారీ ఆగలేదు. అన్నీ సరిగ్గా ఉన్నాయనుకున్నాను."

ఎలా ఆగుతుంది? అది తలెత్తితే కదా. ఆయనకి ఆ పెన్నే కళ్ళు. ఆ పిల్లకి కళ్ళు ఎత్తొద్దని చెప్పింది నేను. లాండ్రీ ఆవిడ చేయి మా ఇద్దరి మర్యాదల మధ్య కాలిపోయింది.

బుధవారం ఆ పిల్ల సంతకం పెట్టేస్తుందని చెప్పాను. మీరే ఒక్క మాట చెప్పండి మాస్టారూ, మీరు చెబితే గౌరవంగా ఉంటుంది అన్నాను. బతిమాలాను. డబ్బాకి మూత పెట్టారు. తర్వాత, "నా నోటితో రాదమ్మా. నువ్వు చెబితే చెప్పు, నిన్ను ఒక్క మాట అనను" అన్నారు.

అప్పటిదాకా ఆయన మీద జాలే ఉంది. ఆ మాటకి ఒళ్ళు మండిపోయింది. మొదటిసారి, పద్నాలుగేళ్ళలో మొదటిసారి, ఆయన కంటే ముందు నేను లేచి వచ్చేశాను.

మార్చి 18, మంగళవారం

పని సాగింది. నేను రాశాను. రెండుసార్లు పెన్ను ఆగింది. ఇప్పుడు ఆ ఆగడం నాకూ వినిపిస్తోంది.

మార్చి 19, బుధవారం

జరిగింది జరిగినట్టు రాసుకోవాలి. రేపటికి నేనే మార్చేసుకుంటాను, నా సంగతి నాకు తెలుసు.

పదకొండింటికి ఆఫీసరు గది. ఆఫీసరు, మాస్టారు, కొత్తమ్మాయి, ఇద్దరు గుమాస్తాలు. కాగితం బల్ల మీద ఉంది, టైపు చేసి, సంతకానికి చోటు వదిలి. నన్నెవరూ పిలవలేదు. తలుపు తట్టి వెళ్ళాను. ఆ పిల్ల తప్పు లేదండీ, రెండేళ్ళుగా మాస్టారు చెప్పిన అంకెల్లో కొన్ని నేను మార్చి రాశాను, నేను లేని రోజు మార్చేవాళ్ళు లేరు అన్నాను. దారంతా బట్టీ పట్టుకుంటూ వచ్చాను కాబట్టి ఒక్క గుక్కలో వచ్చింది.

ఆఫీసరు నమ్మలేదు. నవ్వాడు కూడా. గురువారం ఏమీ లేదన్నారు కదా, ఆ పిల్ల మీద జాలితో ఇప్పుడు ఇలా చెబుతున్నారు, మీ మంచితనం అర్థమైంది అన్నాడు. కొట్టివేత ఒక్కటైనా చూపించమన్నాడు. ఎక్కడుంది? శుభ్రంగా రాశాను కదా అన్నీ.

కొత్తమ్మాయి నన్ను చూస్తోంది. అందులో కృతజ్ఞత ఏమీ లేదు. లెక్క వేసుకుంటోంది. నాకు తెలిసి వారం రోజులైందని దానికి ఆ నిమిషంలో అర్థమైంది.

"మాస్టారూ, మీరేమంటారు?" అన్నాడు ఆఫీసరు.

మాస్టారు లేచారు. "బల్ల దగ్గరికి పోదాం. నేను చదువుతాను. ఎప్పటిలాగే ఈవిడే రాస్తుంది."

నన్నే ఎందుకు అడిగారు? అది ఆశో, పంతమో, ఇంకేమిటో నాకింకా తెలియదు.

లాండ్రీ గేజీనే బిగించారు. ఆఫీసరు వేరే కాగితం పట్టుకుని ముల్లు కనిపించేలా పక్కన నిలబడ్డాడు. నేను నా కుర్చీలో కూర్చున్నాను, ఒళ్ళో రేకు అట్ట. మాస్టారు ఒత్తిడి పెంచే పంపు చక్రం తిప్పారు. స్టాండర్డ్ గేజీలో ఎర్రగా రెండు వెలిగింది.

"రెండు" అన్నారు.

రెండే. రాశాను. నాలుగు అన్నారు. ముల్లు మూడున్నర దగ్గరుంది.

అప్పుడు అర్థమైంది నేనెక్కడ కూర్చున్నానో. నా పెన్ను ఒక్క క్షణం ఆగితే చాలు. ఆయనకి తెలిసిపోతుంది. "ఉండండి, మళ్ళీ చూస్తాను" అని మొహం గాజుకి ఆనించి, తల పక్కకి వంచి, ఎలాగోలా చదివేస్తారు. ఆ చూపు ఆయనకి కొంచెం మిగిలే ఉంది. ఒకటికి రెండుసార్లు చూసుకోవడం తప్పెలా అవుతుంది? ఆఫీసరు ఊపిరి పీల్చుకుంటాడు. కాగితం మీద ఆ పిల్ల సంతకం పెడుతుంది.

ఆపకూడదు. ఆయన చెప్పింది చెప్పినట్టు, తలొంచుకుని, వెంటనే రాయాలి. పద్నాలుగేళ్ళ కింద ఆయన నాకు నేర్పినట్టు.

నాలుగు అని రాశాను.

"ఆరు." రాశాను. "ఎనిమిది." రాశాను. పెన్ను ఎక్కడా ఆగలేదు. చేయి ఆగుతుందేమోనని ఎడం చేత్తో మణికట్టు పట్టుకున్నాను. పది దగ్గర ఆయన గొంతు తేలికైంది. పాత రోజుల్లోలా గట్టిగా, ధీమాగా చెప్పారు. అన్నీ సరిగ్గా వస్తున్నాయనుకున్నారు. నా పెన్ను నమ్మి.

ఆఫీసరు తన కాగితం నా కాగితం పక్కన పెట్టాడు. ఎవరూ ఏమీ అనలేదు. గుమాస్తాల్లో ఒకాయన తల పక్కకి తిప్పుకున్నాడు. ఆ నిశ్శబ్దమే మాస్టారికి చెప్పింది. చక్రం మీద చేయి అలాగే ఉంచి నా వైపు తిరిగారు, సరిగ్గా నా వైపు కాదు, కొంచెం పక్కకి.

"నువ్వు ఆగలేదేమ్మా" అన్నారు.

లేదండీ అన్నాను. ఆ మాట అడుగుతున్నారో, చెబుతున్నారో. ఏడుపొచ్చింది, అందరి ముందూ ఏడ్చాను. ఆయన ఏడవలేదు. పెన్ను అడిగి తీసుకుని, చదివినవారు అన్న చోట వేలితో తడుముకుని సంతకం పెట్టారు.

మార్చి 21, శుక్రవారం

మాస్టారు రావడం లేదు. సెలవు అంటున్నారు. ఆయన కుర్చీ ఎవరూ జరపలేదు.

రెండేళ్ళ గేజీలన్నీ వెనక్కి తెప్పిస్తున్నారు. నాకు హెచ్చరిక కాగితం ఇచ్చారు, నా కార్డు ఆరు నెలల పరీక్ష మీద ఉంటుందట. ఉద్యోగం పోలేదని ఈయన స్వీట్లు తెచ్చారు. తినమంటే పక్కన పెట్టేశాను. గుమాస్తాలు నన్ను చూసి మాట ఆపేస్తున్నారు. పెద్దాయన్ని నిలువునా ముంచింది అని వాళ్ళ లెక్క. కాదని అనలేను.

మార్చి 24, సోమవారం

లాండ్రీ ఆవిడని చూడ్డానికి వెళ్ళాను. నేనెవరో చెప్పాను. రెండు వేళ్ళు కదులుతున్నాయంది. కూర్చోమని కూడా అనలేదు.

ఏప్రిల్ 7, సోమవారం

కొత్తమ్మాయిని మళ్ళీ బల్ల దగ్గర వేశారు. ఇప్పుడు నేను చదువుతాను, అది రాస్తుంది. రెండు వారాలుగా నాతో పని మాట తప్ప ఇంకో మాట లేదు. నేనే కల్పించుకుని, ఇకమీదట తలెత్తి చూడు, తేడా ఉంటే నోరు విప్పి చెప్పు, నేనేమీ అనుకోను అన్నాను. సరే అంది.

పొద్దున రెండో గేజీ. ఆరు అన్నాను.

పెన్ను చప్పుడు రాలేదు.

"అక్కా, ఆరు కాదు. అయిదు ముప్పావు" అంది.

గుమాస్తా బల్ల దగ్గరే ఉన్నాడు, విన్నాడు. నా చెవులు వేడెక్కాయి. నిన్నగాక మొన్న వచ్చింది, నాకు చెప్పేపాటిదా అని నోటిదాకా వచ్చింది. నిజంగా వచ్చింది, ఇక్కడైనా ఒప్పుకోవాలి. పద్నాలుగేళ్ళుగా ఈ గదిలో ఉన్నదాన్ని, కళ్ళజోడు కూడా లేనిదాన్ని.

వంగి మళ్ళీ చూశాను. అయిదు ముప్పావే.

రాసుకోమన్నాను. రాసుకుంది. మధ్యాహ్నం దాకా దాని మొహం చూడలేకపోయాను.